నాయకుణ్ణి లెక్క అడగొచ్చా? ఆశానిగ్రహం మీద ఒక ప్రసంగం

(కోనసీమలో సంఘ పెద్దలకి, యూత్ లీడర్లకి జరిగిన ఒక రోజు కూటంలో పొద్దున్న ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. మాటలు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలండి. వెనకున్న తమ్ముళ్ళు కొంచెం ముందుకి రండి, ఈ మైకు ఆ చివరికి సరిగ్గా వినపడట్లేదంట. అమ్మా, పిల్లల్నెత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి కూర్చోండి, ఫ్యాన్ కింద చోటుంది.

అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తియ్యండి. కైసరయలో ఫేలిక్సు అనే అధిపతి ముందు పౌలు ఖైదీగా ఉన్నాడు. ఈ ఫేలిక్సు ఎవరండీ? ఒకప్పుడు బానిస. విడుదలయ్యాడు, వాళ్ళన్న పల్లాసుకి రోమా చక్రవర్తి దగ్గర మంచి పలుకుబడి ఉంది, ఆ పలుకుబడితో యూదయ మీద అధికారై కూర్చున్నాడు. పక్కన ద్రుసిల్ల ఉంది, హేరోదు అగ్రిప్ప కూతురు. ఆవిడ అంతకుముందు ఇంకో రాజు భార్య, ఆయన్ని విడిచిపెట్టేలా చేసి ఈయన పెళ్ళి చేసుకున్నాడని ఆ రోజుల చరిత్ర రాసిన జోసీఫస్ రాశాడు. అంటే ఎదురుగా కూర్చున్న ఇద్దరి సంగతీ ఊరందరికీ తెలుసు. పౌలుకి తెలియదా? తెలుసు.

తెలిసి, తన విడుదల ఎవరి చేతిలో ఉందో వాళ్ళ ముందే నిలబడి, ఏ సంగతి ఎత్తుకున్నాడండీ? దేవుడు మిమ్మల్ని ఇంకా పెద్ద పదవికి హెచ్చిస్తాడు అన్నాడా? 25వ వచనం చదవండి. నీతిని గూర్చి, ఆశానిగ్రహమును గూర్చి, అంటే ఆశని అదుపులో పెట్టుకోవడం గురించి, రాబోవు విమర్శను గూర్చి, అంటే దేవుని తీర్పు గురించి. ఈ మూడూ. ఆ ఇద్దరి ముందు. మన దగ్గరికి ఎమ్మెల్యే గారు క్రిస్మస్ కేకు కొయ్యడానికి వస్తే మనం ఏం ప్రసంగిస్తామో ఒకసారి గుర్తుచేసుకోండి, నేను చెప్పక్కర్లేదు.

ఫేలిక్సు మిగుల భయపడ్డాడని రాసుంది. భయపడి, ఇప్పటికి వెళ్ళు, నాకు సమయమైనప్పుడు పిలిపిస్తాను అన్నాడు. మనం చాలాసార్లు ఇక్కడ ఆపేస్తాం, సమయం ఉండగానే మారుమనస్సు పొందండి అని చెప్పి ముగించేస్తాం. మంచిదే. కానీ 26వ వచనం చదవం. పౌలు వలన తనకి ద్రవ్యం దొరుకుతుందని ఆశించి మాటిమాటికీ పిలిపించి మాట్లాడుతున్నాడంట. చూశారా? వాక్యం విన్నాడు, వణికాడు, మళ్ళీ పిలిపించుకుని మళ్ళీ విన్నాడు, బయటినుంచి చూసేవాళ్ళకి ఎంత ఆత్మీయుడు, పౌలు గారితో ఎంత సహవాసం అనిపిస్తుంది. లోపల మాత్రం చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. రెండేళ్ళు అలాగే గడిచాయి, ఆయన స్థానంలో పోర్కియు ఫేస్తు వచ్చేదాకా.

అదే రెండేళ్ళు పౌలు వైపునుంచి చూడండి. దానద్రవ్యం తీసుకొచ్చాను అని అదే అధ్యాయం 17వ వచనంలో తనే చెప్పాడు. ఫేలిక్సుకి ఆశ అక్కడే పుట్టిందేమో. కొంచెం చేతిలో పెడితే బయటపడిపోవచ్చు, బయటికొస్తే ఎన్ని ఊళ్ళు, ఎన్ని సంఘాలు! పరిచర్య కోసమే కదా? ఈ లెక్క మనం వెయ్యమా అండి? పర్మిషన్ కోసం, కరెంటు కనెక్షన్ కోసం, స్థలం రిజిస్ట్రేషన్ కోసం, అన్నీ పరిచర్య కోసమే అంటాం. పౌలు ఆ లెక్క వెయ్యలేదు, జైల్లోనే ఉన్నాడు.

అందుకని ఈ పొద్దున్న నేను ఒక్క సంగతే చెప్తాను. వణికినంత మాత్రాన మనిషికి నిగ్రహం వచ్చేసినట్టు కాదు. నాయకుడి నిగ్రహం ఆయన గుండెలోనే ఉందంటే ఎవరికి తెలుస్తుంది, ఆయనకే సరిగ్గా తెలియదు. నలుగురు వచ్చి అడగడానికి వీలుగా తన జీవితం తలుపు తీసిపెట్టుకుంటేనే అది నిలబడుద్ది. ఇదే చెప్తాను, రకరకాలుగా ఇదే చెప్తాను, ఓపిగ్గా వినండి.

మన సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక ఉంది కదా. ఉందా లేదా? అమ్మలు చెయ్యెత్తండి. ఆయ్, చాలామంది ఎత్తారు. మగవాళ్ళు దీని గురించి పెద్దగా ఆలోచించరు, అందుకే కొంచెం సేపు చెప్తాను. ఎసరు పెట్టుకుంటుంది. తవ్వతో బియ్యం కొలుచుకుంటుంది, ఇంట్లో ఎంతమందికి ఎంత పడుతుందో ఆవిడ చేతికి తెలుసు. కడగబోయే ముందు ఆ గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పాత బిస్కెట్ల డబ్బానో, మూత సరిగ్గా పట్టని సత్తు డబ్బానో. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆదివారం ఆ బియ్యం గుడ్డ సంచిలో పోసుకుని తెచ్చి ముందున్న బస్తాలో పోస్తుంది. ఆ బస్తాలో చెయ్యి పెట్టి చూశారా ఎప్పుడైనా? మన మార్టేరు స్వర్ణ ఉంటుంది, రేషన్ బియ్యం ఉంటుంది, ఒకరిద్దరివి సన్నబియ్యం ఉంటాయి, నూకలుంటాయి, అన్నీ కలిసిపోయి ఉంటాయి. కలిసిపోయిన బియ్యం కాబట్టి కొట్టువాడు రేటు తగ్గించే ఇస్తాడు.

ఇప్పుడు చెప్పండి, నలుగురికి కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీస్తే ఆ పూట ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గాలి కదా. ఎవరికి తగ్గింది? భర్తకా? పిల్లలకా? మీకు తెలుసు ఎవరికో. కుండ అడుగున మిగిలింది తినేది ఎవరో ఆవిడకి. ఆవిడ ఏ బైబిల్ కాలేజీకీ వెళ్ళలేదు, ఆశానిగ్రహం అనే మాట గలతీ పత్రికలో ఆత్మఫలం దగ్గర చదివి ఉంటుంది అంతే, కానీ రోజుకి రెండుసార్లు, పొయ్యి దగ్గర, ఎవరూ చూడకుండా చేస్తోంది. ఎవరూ మెచ్చుకోరు. ఎంత వేసిందో ఎవరూ రాసిపెట్టరు.

ఆ బస్తా అమ్మిన డబ్బులు ఎవరి చేతికి వస్తాయి? మన చేతికి. ఇక్కడ ముందు వరసల్లో కూర్చున్న మన చేతికి. పెట్రోలు కొట్టించేటప్పుడు, మీటింగుకి వచ్చిన స్పీకర్ గారికి పెద్ద హోటల్లో భోజనం పెట్టించేటప్పుడు, స్టేజి మీదకి కొత్త సోఫాలు తెప్పించేటప్పుడు ఆ డబ్బా ఒకసారి కళ్ళ ముందుకి రావాలండి. అది ఆవిడ తినని అన్నం.

1 సమూయేలు 2వ అధ్యాయం చూడండి. యాజకుడు ఏలీ కొడుకులు, హొఫ్నీ, ఫీనెహాసు, వాళ్ళూ యాజకులే. జనం బలి అర్పించి మాంసం ఉడకబెట్టుకుంటూ ఉంటే వీళ్ళ పనివాడు మూడు ముళ్ళ కొంకి పట్టుకుని వచ్చేవాడు. కుండలోనో, బొరుసులోనో, ఏది కనపడితే దాంట్లో గుచ్చడం, పైకి ఏమొస్తే అది తీసుకుపోవడం. యాజకుడికి ధర్మశాస్త్రంలో వాటా లేదా అంటే ఉంది, బోర, కుడి జబ్బ అని లేవీయకాండం 7లో స్పష్టంగా రాసుంది. వాటా ఉన్నవాళ్ళు కొంకితో ఎందుకొచ్చారు? చాల్లేదు. తర్వాత తర్వాత ఉడికింది కూడా వద్దన్నారు, పచ్చిదే ఇమ్మన్నారు, కొవ్వు దేవుడికి దహించకముందే ఇమ్మన్నారు, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటాం అన్నారు. ఆశ ఎలా పెరిగిందో చూడండి, ముందు ముక్క, తర్వాత పచ్చిమాంసం, తర్వాత దౌర్జన్యం, ఆ తర్వాత గుడారం గుమ్మం దగ్గర సేవ చేసే స్త్రీల దాకా పోయింది. డబ్బు దగ్గర అదుపు లేనివాడు ఇంకో దగ్గర అదుపులో ఉంటాడని నమ్మకండి.

17వ వచనంలో ఒక మాట ఉంది, జనం దేవుడికి నైవేద్యం చెయ్యడమంటేనే అసహ్యపడ్డారు. కారణం ఎవరు? ఈ యౌవనులు. మన ఊళ్ళల్లో కొంతమంది గుడికి రావడం మానేశారు కదా, వెనుకంజ వేశారు, చల్లారిపోయారు అని ప్రార్థన విన్నపాల్లో వాళ్ళ పేర్లు చదువుతాం. ఎవరు చల్లార్చారో కూడా అడగాలి కదండీ.

మరి ఏలీకి తెలియదా? తెలుసు. పిలిచి కోప్పడ్డాడు కూడా. నా కుమారులారా ఇది మంచిది కాదు అన్నాడు. కానీ ఆపలేదు. వాళ్ళని ఆ పనిలోంచి తియ్యలేదు. పెద్దవాళ్ళం చాలామందిమి ఈ ఏలీ దగ్గరే ఉన్నాం, పక్కకి పిలిచి మెల్లగా చెప్తాం, చెప్పేశాం కదా మన బాధ్యత అయిపోయింది అనుకుంటాం.

దీనికి ఎదురుగా నెహెమ్యాని పెట్టి చూడండి. నెహెమ్యా 5వ అధ్యాయం, 14 నుంచి 18. పన్నెండేళ్ళు అధిపతిగా ఉన్నాడు. అంతకుముందు అధిపతులు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసం, అది కాక 40 తులాల వెండి తీసుకునేవాళ్ళు, వాళ్ళ పనివాళ్ళు కూడా జనం మీద పెత్తనం చేసేవాళ్ళు. నెహెమ్యా తీసుకోలేదు. ఆయనకి హక్కు లేదా? ఉంది, అధిపతి భత్యం అది. ఖర్చు లేదా? ఆయన బల్ల దగ్గర రోజూ 150 మంది తినేవాళ్ళంట, రోజుకి ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్ళు. అయినా ఆ భత్యం అడగలేదు. ఎందుకంటే ఈ జనం మీద భారం ఎక్కువగా ఉంది అన్నాడు. తప్పు చెయ్యకపోవడం సరే, అది కింది మెట్టు. నాకు రావాల్సింది, న్యాయంగా నాదే అయింది, అవతలివాళ్ళ మొహం చూసి వద్దులే అనుకోవడం ఉంది చూడండి, అక్కడ నాయకుడు తెలుస్తాడు. పాస్టర్లకి జీతం ఇవ్వకండి అని నేను అనట్లేదు, కమిటీవాళ్ళు దీన్ని పట్టుకుని వెళ్ళిపోకండి! పనివాడు తన జీతానికి పాత్రుడు. మీ పాస్టరు గారి పిల్లల ఫీజు కట్టారో లేదో కనుక్కోవడం మీ బాధ్యత. నేను చెప్పేది ఆయన వైపు నుంచి, మీరు విని నవ్వుకోవాల్సింది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. లెక్క అడగొచ్చా?

అడిగితే ఏమంటారు మనవాళ్ళు? అభిషిక్తుల జోలికి పోకూడదు అంటారు. నేను అభిషేకించినవారిని ముట్టకూడదు, కీర్తన 105, 15. ఆ కీర్తన మొత్తం చదవండి అయ్యా. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు దేశం కాని దేశంలో తిరుగుతుంటే రాజులు వాళ్ళకి హాని చెయ్యకుండా దేవుడు కాపాడిన సంగతి అది. ట్రెజరరు పుస్తకం అడిగితే శాపం తగులుతుందని అక్కడ లేదు. సమూయేలు ప్రవక్త ఎవరండీ? రాజుల్ని అభిషేకించినవాడు. 1 సమూయేలు 12:3లో ముసలివాడై జనమంతటి ముందు నిలబడి ఏమన్నాడు? నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి, నేను తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. తనే అడిగించుకున్నాడు! ఎవరో ఆయన మీద ఆరోపణ చేస్తే సమాధానం చెప్పుకోవడం కాదు ఇది, అడగండి అని ముందు నిలబడటం. ఆయన కొడుకులు లంచాలు తిన్నారని 8వ అధ్యాయంలో ఉంది, అది అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు, అయినా జనం ముందుకొచ్చి నా సంగతి చూడండి అన్నాడు.

పౌలు ఏం చేశాడు? యెరూషలేములో పేదలకి పంపే చందా. 2 కొరింథీ 8. తనొక్కడే సంచి పట్టుకుని బయల్దేరాడా? తీతుని పంపాడు, సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి పంపాడు, ఇంకొకాయన్ని కూడా పంపాడు. ముగ్గురు. ఎందుకు పౌలు గారూ, మీ మీద అనుమానమా ఎవరికైనా? 20, 21 వచనాలు. దీంట్లో మామీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నాం, ప్రభువు దృష్టికి మాత్రమే కాదు మనుషుల దృష్టికి కూడా. దేవుడికి తెలుసు నాకు చాలు అనేవాళ్ళు ఈ వచనం మీద పౌలు గారితో వాదించుకోవాలి.

మన గోదావరి జిల్లాలకి దీంట్లో ఒక చుట్టరికం కూడా ఉంది, చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు చెప్తాను. 1836లో ఇంగ్లండు డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు బయల్దేరి ఇటు వచ్చారు, తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వాళ్ళ పని పెరిగింది, గోదావరి డెల్టా మిషన్ అంటాం. వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది ఆంథొని నోరిస్ గ్రోవ్స్, ఆయన పళ్ళ డాక్టరు, ఆ పని వదిలేసి మిషనరీ అయ్యాడు. ఆ గ్రోవ్స్ గారి చెల్లెలు మేరీ భర్తే జార్జి ముల్లర్. అదే 1836లో బ్రిస్టల్లో విల్సన్ స్ట్రీట్‌లో ఒక అద్దింట్లో ముల్లర్ గారు అనాథ పిల్లల్ని పెట్టుకున్నారు. విశ్వాసంతో అడక్కుండా నడిపారు, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు అని ఆయన గురించి మన పుల్పిట్ల మీద ఎన్నిసార్లు చెప్తామో! నిజమే, చాపలేదు, అప్పు కూడా చెయ్యలేదు. కానీ రెండో సగం చెప్పం. ఆయన ఏటేటా లెక్కలు ముద్రించి బయటపెట్టేవాడు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అంతా. తర్వాత ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద బిల్డింగులు, ఒకేసారి రెండు వేల మందికి పైగా పిల్లలు, లక్షల పౌండ్లు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి, 1898లో చనిపోయేనాటికి సొంతానికి మిగిలింది చాలా కొద్ది. ఆ మనిషికి విశ్వాసం తక్కువై లెక్కలు రాశాడా?

అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సంగతి కూడా. 1948 నవంబరులో కాలిఫోర్నియాలో మొడెస్టో అనే ఊళ్ళో మీటింగులు జరుగుతున్నాయి, తనకప్పటికి ముప్పై ఏళ్ళు. తన టీమువాళ్ళని కూర్చోబెట్టి సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో ఎవరికి వాళ్ళు రాసుకురండి అన్నాడు. అందరి కాగితాల్లోనూ ఇంచుమించు అవే వచ్చాయి. డబ్బు. స్త్రీల విషయంలో పాడవడం. స్థానిక సంఘాల్ని కించపరచడం. సంఖ్యలు పెంచి చెప్పడం. ఈ నాలుగోది చూడండి. ఎంతమంది వచ్చారో వాళ్ళు చెప్పుకోకుండా పోలీసులో, స్టేడియంవాళ్ళో చెప్పిన సంఖ్యే తీసుకోవాలని పెట్టుకున్నారు. మన కరపత్రాలు, మన రిపోర్టులు ఎలా ఉంటాయండీ? పందిట్లో కుర్చీలు ఎన్నో షామియానా అబ్బాయికి తెలుసు, బిల్లు ఇచ్చేది అతనే. మనం రిపోర్టులో రాసే సంఖ్య ఆ బిల్లుకి దగ్గర్లో ఉండాలి కదా కనీసం? అబద్ధం అబద్ధమే, కింద హల్లెలూయ అని రాసినా.

పని దగ్గరికి వద్దాం. కానుక సంచి లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. చాపేసుకుని అందరికీ కనపడేలా కూర్చోండి, లోపల గది తలుపేసుకుని కాదు. ఐదొందలు ఎన్ని, వందలు ఎన్ని, పదులు ఎన్ని, చిల్లర ఎంత, నోటు వారీగా పెన్నుతో పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, సోమవారం ఆ మొత్తమే బ్యాంకుకి వెళ్ళాలి, మధ్యలో చేబదులు వద్దు. బ్యాంకులో రెండు సంతకాల అకౌంటు. కోతపండగ వేలంపాట ఉంది కదా, ఆనపకాయ ఐదొందలకి పాడతారు, అరటిగెల రెండు వేలకి పాడతారు, సంతోషమే, కానీ పాడినవాళ్ళు ఎంతమంది కట్టారు, ఎంతమంది బాకీ, అది కూడా రాయాలి. ఇంకోటి, ఇప్పుడు గోడకి అంటించిన ఫోన్‌పే కోడు. ఆ కోడు స్కాన్ చేస్తే ఎవరి పేరొస్తుంది? సంఘం పేరా, పాస్టరు గారి అబ్బాయి పేరా? ఈ ఆదివారం మీ గుడికి వెళ్ళాక చూడండి. అబ్బాయి మంచివాడే కావొచ్చు. అకౌంటు మార్చండి.

విదేశీ నిధులు వచ్చే సంస్థలవాళ్ళు కొందరున్నారు ఇక్కడ. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లో వచ్చింది, 2020లో దాన్ని సవరించారు, ఆఫీసు ఖర్చులు అంతకుముందు 50 శాతం దాకా పెట్టుకోనిచ్చేవాళ్ళు, దాన్ని 20కి దించారు, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి అకౌంటులోనే పడాలి. ఇవన్నీ మీరు పాటిస్తున్నారు, ఆడిటర్‌ని పెట్టుకుని పైసాతో సహా చూపిస్తున్నారు. ప్రభుత్వం అడిగితే చూపిస్తున్నాం కదా, పిడికెడు బియ్యం తెచ్చిన అమ్మకి చూపించడానికి ఎందుకు నామోషీ?

డబ్బు సంగతి చాలాసేపు చెప్పాను, డబ్బు ఒక్కటే అనుకోకండి.

ఆగస్టు 1986 వరద చూసినవాళ్ళు ఇక్కడ పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రుళ్ళు ఏటిగట్టు మీద కాపలా ఉన్నవాళ్ళని అడగండి, గట్టు మీంచి నీళ్ళు పొర్లితేనే గండి పడుతుందనుకుంటాం, ఎలక బొరియ చాలు, పీతబొక్క చాలు. గట్టుకి ఇవతల వైపు సన్నగా ఊట మొదలవుద్ది. తేట నీళ్ళొస్తే చూస్తూ ఉంటారు, ఊటలో మట్టి కలిసి ఎర్రగా వచ్చిందంటే లోపల గట్టు కరిగిపోతోందని లెక్క, ఇక ఆగరు. అప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడండీ? నా కాపలాలో ఊట వచ్చిందని తెలిస్తే పరువు పోతుందని దాని మీద గోనె కప్పి నిలబడతాడా? కేకేస్తాడు. ఊరంతా లేస్తుంది, ఇసక బస్తాలతో పరిగెత్తుకొస్తారు. ప్రాకారం లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకోలేనివాడూ అంతే అని సామెతలు 25:28లో ఉంది కదా, మన లంకల్లో ఉండేవాళ్ళకి ఆ వచనం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అలాగే మీలో ఎవరికైనా రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో ఏం చూస్తున్నారో అది ఎవరికీ చూపించలేని పరిస్థితి వచ్చిందంటే, కౌన్సిలింగ్ అని ఒక చెల్లెమ్మకి పెట్టే మెసేజీలు భార్య చూస్తే ఏమంటుందో అని డిలీట్ చేస్తున్నారంటే, అది మట్టి కలిసిన ఊట. ఇవాళే కేకెయ్యండి. ఒక్కరికైనా చెప్పండి, మీకంటే పెద్దవాళ్ళకి, మీకు భయపడని వాళ్ళకి. మీకు భయపడేవాళ్ళకి చెప్పి లాభం లేదు, వాళ్ళు పర్లేదు అయ్యగారూ అంటారు.

కోపం. కమిటీ మీటింగులో బల్ల గుద్దేవాళ్ళు ఉన్నారు, దాన్ని పరిశుద్ధమైన కోపం అంటారు. మోషే మీద దేవుడికి ఎంత ప్రేమ, ముఖాముఖి మాట్లాడినవాడు, మెరీబా దగ్గర కోపంలో బండని రెండుసార్లు కొట్టాడు, కనాను లోపలికి వెళ్ళలేదు. అక్కడ ఆ కోపం అందరూ చూశారు. మన కోపం చాలాసార్లు బయటివాళ్ళెవరూ చూడరు, గుళ్ళో నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చి ఇంటికెళ్ళి చెప్పులు విప్పకముందే మొదలుపెడతాం. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3లో సంఘ అధ్యక్షుడికి ముందు సొంత ఇల్లు చూసుకోవాలని ఎందుకు పెట్టారు? పాస్టరమ్మ గార్లు ఇక్కడ కొంతమంది ఉన్నారు, వాళ్ళు తల దించుకుని వింటున్నారు. నేను వాళ్ళని ఏమీ అడగను. అయ్యగార్లని అడుగుతున్నాను, మీ ఇంట్లో మీ ఆవిడ మిమ్మల్ని ధైర్యంగా ఒక ప్రశ్న వెయ్యగలదా?

కట్నం. 1961 నుంచీ నేరం. యూత్ మీటింగులో కట్నం పాపం అని చెప్పి మన అబ్బాయి పెళ్ళికి వచ్చేసరికి వాళ్ళే ఇష్టంగా ఇచ్చారండి అంటాం. ఆ అమ్మాయి తండ్రి ఎకరం అమ్ముకున్నాడు, ఇష్టంగానా? ఎన్నికలప్పుడు మీ సంఘంలో ఓట్లు ఎన్ని అని అడిగి రేకులకో సౌండ్ సిస్టమ్‌కో డబ్బులిచ్చి వెళ్తారు, ఎవరి ఓట్లు ఎవరు అమ్మారు? సంక్రాంతికి పందేల బరి దగ్గర చూడ్డానికే వెళ్ళామంటారు సండే స్కూల్ టీచర్లు. రొయ్యల చెరువు ఉన్న విశ్వాసి రాత్రిపూట ఉప్పునీళ్ళు పంటకాలవలోకి వదిలేస్తాడు, పక్కవాడి వరిచేను ఎర్రబడిపోద్ది, ఆదివారం పొద్దున్న ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. మీ ఊరివి మీకు తెలుసు.

ఒక తమ్ముడు చీటీ పంపాడు, చదువుతాను. మా సంఘ నాయకుడి తప్పు మాకు తెలిసింది, బయటపెడితే దేవుని నామానికి అవమానం కదా, ఏం చెయ్యాలి అని.

తమ్ముడూ, మంచి ప్రశ్న. దేవుని నామానికి అవమానం తప్పు జరిగినప్పుడే జరిగిపోయింది, నువ్వు చెప్పినప్పుడు కాదు. నాతాను ప్రవక్త తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి వెళ్ళి ఆ మనిషివి నువ్వే అన్నాడు, ఆ సంగతి లేఖనంలో రాసి ఇన్ని వేల ఏళ్ళు అందరూ చదివేలా పెట్టాడు దేవుడు, దాచాడా? క్రమం ఉంది. 1 తిమోతి 5:19, సంఘ పెద్ద మీద ఆరోపణ అంటే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి, గాలివార్త పట్టుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, అదీ నిగ్రహమే, నాలుక నిగ్రహం. 20వ వచనం, నిజమని తేలితే అందరి ముందూ గద్దించాలి. ఈ రెండు వచనాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని వదిలెయ్యొద్దు. ఒప్పుకున్నవాణ్ణి సాత్వికంగా మంచిదారికి తేవాలి, గలతీ 6:1. మంచిదారికి తేవడం అంటే వచ్చే ఆదివారమే మళ్ళీ మైకు ఇచ్చెయ్యడం అని కాదు.

కానీ ఒకటి వేరుగా చెప్పాలి, దీంట్లో ఎవరూ పొరపాటు పడకండి. చిన్నపిల్లల మీద లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే అది కమిటీలో కూర్చుని ప్రార్థన చేసి సర్దుబాటు చేసే విషయం కాదు. పోక్సో చట్టం 2012, 19వ సెక్షను, తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే చెప్పనివాళ్ళకీ శిక్ష ఉంది. పాస్టరైనా, పెద్దైనా, సండే స్కూల్ టీచరైనా, ఎవరి తమ్ముడైనా. ఆ పాప తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి క్షమించండమ్మా, సంఘం పరువు అని అడిగే పెద్దలు ఏలీ కంటే ఘోరం. ముందు పాప. పాపని ఎవరైనా నమ్ముతున్నారని ఆ పాపకి తెలియాలి.

చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. రాసుకోండి, పెన్నులు తియ్యండి, పదీ తొమ్మిదీ ఎనిమిదీ. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. మీ సండే స్కూల్ గదిలో పిల్లలు కూర్చునే ఎత్తులో, వాళ్ళకి కనపడేలా పెయింటుతో రాయించండి. కానుకల పుస్తకం ఎలా గీసుకోవాలో ఒక నమూనా కాగితం జిరాక్స్ తీయించి వెనక బల్ల మీద పెట్టాం, సంఘానికి ఒకటి చొప్పున తీసుకెళ్ళండి. అయ్యగారూ, మీరు ప్రార్థనలో నడిపించండి.